పట్టు వదలని చక్కు

— తృతీయ బి.ఎస్సీ. (భౌతిక శాస్త్రం) విద్యార్థి

సావనీరుకు వ్యాసాలు కావాలని నోటీసు బోర్డులో కాగితం అంటించిన రోజునుంచి మా హాస్టలు గదిలో ముగ్గురమూ ఆలోచనలో పడ్డాము. ఒకడు కృష్ణబిలాల మీద రాస్తానన్నాడు. ఇంకొకడు కవిత రాస్తానన్నాడు. నాకు కృష్ణబిలాల సంగతి అంతంత మాత్రం. కవిత అసలే రాదు. నాకు బాగా తెలిసినది, కొన్ని నెలలపాటు నన్ను సతాయించినది, గుప్పిట్లో పట్టే ఒక ఇనుప ముక్క. దాని పేరు డ్రిల్లు చక్కు. కనుక దాని గురించే రాస్తున్నాను. మూడేళ్లుగా భౌతికశాస్త్రం చదువుతున్నవాడికి ఒక ఇనుప ముక్క ఏం పాఠం చెప్పిందో పాఠకులు ఓపికగా చదువుతారని ఆశ.

మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. నాలుగెకరాల చీనీ తోట, దానికి డ్రిప్పు. డ్రిప్పు ఉన్న ఇంట్లో డ్రిల్లు మిషను ఉండక తప్పదు. భూమిలో వేసిన పెద్ద పీవీసీ పైపుకు రంధ్రాలు వేసి, ఒక్కో రంధ్రంలో రబ్బరు గ్రోమెట్టు బిగించి, అందులోనుంచి చెట్ల వరుసకు సన్న పైపు తీస్తారు. రంధ్రం గుండ్రంగా, సరిగ్గా ఉంటే రబ్బరు పట్టుకుంటుంది. కోడిగుడ్డు ఆకారంలో ఉంటే నీళ్లు కారుతాయి. కారిన నీళ్లు చివరి చెట్టుకు చేరవు. మా నాయన బ్యాటరీతో నడిచే డ్రిల్లు కొన్నది ఇందుకే. ఆ మిషను పైపులకే కాక గోడలకు, తలుపులకు, పక్కింటివాళ్ల పశువుల కొట్టానికి కూడా పనిచేసింది. కథ అక్కడే మొదలైంది.

చక్కు అంటే ఏమిటి?

డ్రిల్లు మిషను ముందుభాగంలో బిట్టును పట్టుకునే నోరే చక్కు. 1889లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఆర్థర్ జేమ్స్ ఆర్నాట్, విలియం బ్రెయిన్ అనే ఇద్దరు విద్యుత్తుతో నడిచే డ్రిల్లుకు పేటెంటు తీసుకున్నారు. 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో విల్హెల్మ్ ఫైన్ చేతితో ఎత్తుకోదగిన మిషను తయారుచేశాడు. పిస్తోలులాగా పట్టుకుని మీట నొక్కే రూపానికి అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీకి 1917లో పేటెంటు వచ్చింది. మోటారు సంగతి ఇలా ఉండగా, బిట్టును పట్టుకునే నోటిని బాగుచేసినవాడు ఆర్థర్ ఇర్వింగ్ జేకబ్స్. పాత రకం చక్కును స్పానరుతో బిగించేటప్పుడు వేలి కణుపులు చిట్లిపోయి, ఆ కోపంతోనే కొత్తది ఆలోచించాడని చెబుతారు. 1902లో ఆయనకు పేటెంటు వచ్చింది. పళ్లున్న చిన్న తాళంచెవితో బిగించే చక్కు అదే. నేటికీ వైరు మిషన్ల మీద ఎక్కువగా కనిపిస్తుంది. తాళంచెవి లేకుండా, చేత్తో గాజు తిప్పి బిగించే కీలెస్ చక్కు దానికి తమ్ముడు. బ్యాటరీ మిషన్లకు సాధారణంగా ఉండేది ఇదే.

దీని లోపలి నిర్మాణం చాలా ముచ్చటగా ఉంటుంది. ఉక్కు దిమ్మలో మూడు రంధ్రాలు ఏటవాలుగా తొలిచి ఉంటాయి. మూడూ ముందుకు వచ్చేకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతాయి. ఒక్కో రంధ్రంలో ఒక్కో ఉక్కు దవడ జారుతూ ఉంటుంది. దవడ వీపున మరచుట్లు చెక్కి ఉంటాయి. ఆ మూడు వీపులనూ కలిపి చుట్టుకుని లోపలివైపు మరలున్న ఒక ఉంగరం ఉంటుంది. మనం బయట తిప్పే గాజు ఈ ఉంగరాన్ని తిప్పుతుంది. ఉంగరం తిరిగితే దవడలు వాలుతలం మీద ముందుకు జారుతూ మధ్యకు చేరి బిట్టును పట్టుకుంటాయి. దవడలు మూడే ఎందుకు? ఒక వరుసలో లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక వృత్తం గీయగలమని పదో తరగతిలోపే చదువుకున్నాము. మూడు దవడలూ సమానంగా కదిలితే బిట్టు తనంతట తానే కేంద్రానికి వస్తుంది. ఒక్కటి వెనకబడినా బిట్టు పక్కకు జరుగుతుంది, రంధ్రం కోడిగుడ్డవుతుంది.

ఎందుకు బిగుసుకుంటుంది?

బిగించిన తరువాత గాజును వదిలేసినా చక్కు విప్పుకోదు. కారణం ఘర్షణ. మరచుట్టును విప్పి పరిస్తే అదొక వాలుతలమే. ఆ వాలు బాగా తక్కువైతే, దవడ ఎంత నెట్టినా ఉంగరం వెనక్కు జారదు. మన ప్రయోగశాలలో చెక్కదిమ్మ వాలుబల్ల మీద జారకుండా నిలబడటం చూశాము కదా, అదే సూత్రం. ఘర్షణ లేకపోతే చక్కు పట్టదు. అదే ఘర్షణ మితిమీరితే చక్కు వదలదు.

మితిమీరడానికి కారణాలు కొన్నే. మొదటిది దుమ్ము. ఇటుకపొడి, సిమెంటుపొడి, రంపపుపొడి తెరిచి ఉన్న దవడల మధ్యనుంచి నేరుగా మరల్లోకి పోతుంది. నెత్తిమీది స్లాబుకు రంధ్రం వేస్తే పొడి అంతా చక్కు నోట్లోనే పడుతుంది. రెండవది తుప్పు. తడి తోటలో వదిలేసిన మిషనుకు ఇది తప్పదు. మూడవది సుత్తిదెబ్బల అదురు. గోడలకు వాడే హ్యామర్ మిషన్లలో ఆ అదురుకే చక్కు మనం బిగించినదానికన్నా ఎక్కువ బిగుసుకోవచ్చు. నాలుగవది దవడలు అరిగిపోవడం, పళ్లు చిట్లడం. మొదటి మూడింటికీ వైద్యం ఉంది. నాలుగవదానికి చక్కు మార్చడమే మార్గం.

ఐదవ కారణం కూడా ఒకటుంది. అది మన తెలివితక్కువ. దాని సంగతి చివర చెబుతాను.

విప్పి శుభ్రం చేసే పద్ధతి

మొన్న సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయేసరికి మిషను గోనెసంచిలో చుట్టి అటక మీద ఉంది. బిట్టు ఇరుక్కుపోయి రావడం లేదు. నాయన దాన్ని టౌనుకు తీసుకుపోతే రిపేరు అంగడి అతను చేత్తో ఒకసారి తిప్పి చూసి, "ఇది పోయిందప్పా, కొత్త మిషను కొనుక్కోండి" అన్నాడట. ఎండలు ముదరకముందే తోటలో పాత పైపులు మార్చాలి. ఆ సంవత్సరం చీనీకాయల ధర ఎట్లుందో ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పకపోవడంతోనే నాకు అర్థమైంది. "నేను చూస్తా నాయనా" అన్నాను. నాయన సంచి దించి నా ముందర పెట్టి ఆవులకు నీళ్లు పెట్టడానికి పోయినాడు.

నేను చేసిన పని వరుసగా రాస్తున్నాను. ఎవరికైనా ఉపయోగపడవచ్చును.

ముందుగా బ్యాటరీ తీసి దూరంగా పెట్టాలి. వైరు మిషనైతే ప్లగ్గు పీకాలి. వేలు పొరపాటున మీట మీద పడిందంటే తరువాత విచారించి లాభం లేదు. ఇక గాజు తిరగనప్పుడు పైపు రెంచితో పట్టి తిప్పకూడదు. పైన ఉన్న ప్లాస్టిక్కు తొడుగు పగిలిపోతుంది. పాత సైకిలు ట్యూబు ముక్కను గాజు చుట్టూ గట్టిగా చుట్టి పట్టుకుంటే చేతికి మంచి పట్టు దొరుకుతుంది. విప్పే దిక్కు ఏదో గాజు మీద బాణం గుర్తు ఉంటుంది. దాన్ని చూసుకోవాలి. అయినా రాకపోతే మిషనును ముక్కు కిందికి వచ్చేట్టు పట్టుకుని, దవడల సందుల్లో తుప్పు వదిలించే ఆయిలు కొద్దిగా వేసి, చిన్న చెక్కసుత్తితో చక్కు చుట్టూ మెల్లగా తట్టి, ఒక రాత్రి వదిలేయాలి. ముక్కు కిందికి ఎందుకంటే, పైకి పెడితే మురికితో కలిసిన ఆయిలు లోపల మోటారువైపు పోతుంది. ట్రిగ్గరు నొక్కి గాజును చేత్తో పట్టుకుని మోటారు బలంతో విప్పేవాళ్లు ఉన్నారు. మణికట్టు మీద ఆశ ఉన్నవాళ్లు ఆ పని చేయరాదు.

తెల్లవారి మా చక్కు కిర్రుమంటూ తెరుచుకుంది. బిట్టు ఊడి నేలమీద పడిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

తరువాత శుభ్రం చేయాలి. దవడలను పూర్తిగా తెరిచి, ముక్కు కిందికి పట్టి తట్టితే ఎండుపొడి కొంత రాలుతుంది. మిగిలినదాన్ని పాత టూత్ బ్రష్షుతో గీకాలి. గాలి కొట్టించేట్టయితే కంటికి అద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఇటుక, సిమెంటు దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఆ తరువాత కడగాలి. మా నాయనమ్మ కాలంలో ఇంట్లో కిరసనాయిలు ఉండేది. నేను ట్రాక్టరు డీజిలు వాడాను. దగ్గర్లో బీడీ, పొయ్యి లేకుండా చూసుకుని, బ్రష్షును డీజిల్లో ముంచి దవడలను తోముతూ, గాజును చివరిదాకా తెరిచి, చివరిదాకా మూసి, మళ్లీ తెరిచి, నల్లటి నీళ్లు పోయి తేటగా వచ్చేదాకా చేయాలి. గుడ్డతో శుభ్రంగా తుడిచి ఆరబెట్టి, ఒక్కో దవడకు కుట్టుమిషను ఆయిలు ఒకటి రెండు చుక్కలు వేసి, పైకి తేలిన ఆయిలును తుడిచేయాలి. చాలా చక్కులు ఈ మాత్రానికే దారికి వస్తాయి.

మాది సగమే దారికి వచ్చింది. గాజు తిరుగుతోంది, బిట్టు పడుతోంది. కానీ ఒక దవడ మిగతా రెండింటికన్నా వెనకబడింది. నున్నటి కమ్మీ ముక్క బిగించి మెల్లగా తిప్పి చూస్తే దాని కొన చిన్న సున్న గీస్తోంది. కొన కదలకుండా ఉండాలి. పైపుకు ఒక రంధ్రం వేసి గ్రోమెట్టు పెట్టి మోటారు వేశాము. రబ్బరు చుట్టూ నీళ్లు ఉబికాయి. నాయన వంగి, ఆ నీళ్లు కారేచోట బొటనవేలు పెట్టి కాసేపు అట్లే కూర్చున్నాడు. నన్ను ఏమీ అనలేదు.

ఎడమ మర

చక్కు మార్చాలని తేలింది. ఇక్కడే నా చదువు పరువు పోయింది.

దవడలు పూర్తిగా తెరిచి లోపలికి చూస్తే అడుగున ఒక స్క్రూ తల కనిపిస్తుంది. ముందు అది తీయాలి. లోకంలో మరలన్నీ అపసవ్యదిశలో తిప్పితే వదులవుతాయని నా నమ్మకం. బలంకొద్దీ తిప్పాను. రాలేదు. ఇంకా బలంగా తిప్పాను. స్క్రూడ్రైవరు జారి స్క్రూ తల చెదిరింది. సెలవులు అయిపోయాయి. మిషనును పుస్తకాల సంచిలో పెట్టుకుని కాలేజీకి వచ్చాను.

మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పనిచేసే అటెండరు అన్నను సీనియరు విద్యార్థులందరూ ఎరుగుదురు. ఆయనకు చూపించాను.

"ఏ పక్కకు తిప్పినావప్పా?"

చూపించాను.

"సైకిలు ఎడమ పెడలు ఎప్పుడన్నా విప్పినావా?"

"విప్పినా అన్నా. అది తిరుగుడు మర కదా..." అని అనేలోపే నా నోరు నాకే మూతపడింది.

"ఇదీ అంతే. ఎందుకో నువ్వే చెప్పు, చదువుకునేవానివి."

ఆ రాత్రి హాస్టల్లో కాగితం మీద బొమ్మ గీసుకుంటే తప్ప నాకు అర్థం కాలేదు. మిషను కడ్డీ మీదికి చక్కు మామూలు కుడి మరతోనే ఎక్కుతుంది. రంధ్రం వేసేటప్పుడు గోడ బిట్టును ఆపుతుంది. ఆ నిరోధం చక్కును కడ్డీ మీదికి ఇంకా బిగిస్తుంది. మంచిదే. కానీ స్క్రూలు విప్పడానికి మిషనును వెనక్కు తిప్పుతాము. అప్పుడు నిరోధం కూడా తిరగబడి చక్కును విప్పడానికి చూస్తుంది. దాన్ని ఆపడానికే అడుగున ఆ స్క్రూ పెట్టారు. చక్కు విప్పుకోబోయి అపసవ్యదిశలో కదిలితే, తనతోపాటు స్క్రూ తలను కూడా అదే దిశలో లాగుతుంది. స్క్రూ మర కుడిదైతే అదీ విప్పుకుంటుంది. ఎడమదైతే అదే కదలికకు ఇంకా బిగుస్తుంది. కనుక వెనక్కు తిరిగే మిషన్లలో ఈ స్క్రూకు ఎడమ మర పెడతారు. న్యూటన్ మూడవ నియమం పరీక్షలో ఐదు మార్కులకు ఎన్నిసార్లో రాసినవాణ్ణి, చేతిలో ఉన్న స్క్రూ దగ్గర దాన్ని మరిచిపోయాను. బలం వేసేముందు దిశ అడగాలి. బలం సదిశరాశి అని పుస్తకంలో మొదటి పాఠమే చెప్పింది.

మరునాడు అన్న సరిగ్గా పట్టే బిట్టును స్క్రూ తలలో పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేసి కుదురుకునేట్టు చేసి, సవ్యదిశలో తిప్పినాడు. టక్కుమని వచ్చింది.

ఇక చక్కు. దానికి మంచి లావు ఆలెన్ కీ కావాలి. పొట్టి కొమ్మును చక్కులో బిగించి, గేరును తక్కువ వేగం మీద పెట్టి, మిషనును బల్లమీద పడుకోబెట్టాలి. మనం చక్కు ముఖాన్ని ఎదురుగా చూస్తున్నామనుకుంటే, పొడుగు కొమ్ము మన ఎడమవైపుకు రావాలి. దాని కొనమీద చెక్కసుత్తితో కిందికి ఒక్క గట్టి దెబ్బ వేస్తే చక్కు అపసవ్యదిశలో కదులుతుంది. మెల్లగా నెడితే రానిది దెబ్బకు ఎందుకు వస్తుంది? దెబ్బ తగిలే కాలం అతి స్వల్పం కనుక అదే ప్రచోదనానికి బలం ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ రవ్వంత కాలంలో గేర్లు, మోటారు తమ జడత్వంవల్ల తిరగలేవు, మర మాత్రం వదులుతుంది. ఒకసారి కదిలిందంటే మిగతాది చేత్తోనే తిప్పి తీయవచ్చు.

కొత్త చక్కు కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకుపోవడం ఉత్తమం. పాతదాని మీద చెక్కిన అక్షరాలు చదవాలి. ఎంత లావు బిట్టు పడుతుందో, ఉదాహరణకు 10 మి.మీ. లేక 13 మి.మీ. అని ఉంటుంది. మర కొలత కూడా ఉంటుంది. అరంగుళం మీద అంగుళానికి 20 చుట్లు, 3/8 అంగుళం మీద 24 చుట్లు అన్నవి తరచుగా కనిపించే రకాలు. అరంగుళం అంటే 12.7 మి.మీ. కాగా 12 మి.మీ. మెట్రిక్ మర కూడా ఉంది. కంటికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి, కానీ ఒకదానికొకటి పనికిరావు. అడుగున స్క్రూకు రంధ్రం ఉన్న చక్కునే తీసుకోవాలి. కొత్తదాన్ని చేత్తో చివరిదాకా ఎక్కించి బిగించి, ఆపైన స్క్రూను అపసవ్యదిశలో తిప్పి బిగించాలి. చివరగా నున్నటి కమ్మీ పెట్టి కొన ఊగుతుందేమో చూడాలి. అన్ని మిషన్లకూ ఈ పద్ధతి వర్తించదు. వర్కుషాపుల్లో నిలబెట్టిన పెద్ద డ్రిల్లులకు చాలావాటిలో చక్కు మర లేకుండా కోసుగా ఉన్న కడ్డీ మీద కూర్చుంటుంది. దాన్ని ఇనుప చీలలు దూర్చి ఊడదీస్తారు.

కొత్త చక్కు ఖరీదు కొత్త మిషను ఖరీదులో చిన్న భాగం. నా మెస్సు డబ్బుల్లో మిగిల్చినది సరిపోయింది.

ఐదవ కారణం

పాత చక్కును పారేయబుద్ధి కాలేదు. అన్న దాన్ని వైసులో బిగించి, పై తొడుగు కోసి, ఉంగరం బయటికి తీసినాడు. రెండు ముక్కలుగా ఉన్న ఉంగరం, మూడు దవడలు. దవడల మరలు ఒకే తీరుగా ఉండవనీ, ఒక్కోటి చుట్టులో మూడోవంతు జరిపి చెక్కి ఉంటుందనీ, అందుకే తిరిగి బిగించేటప్పుడు తారుమారు చేయరాదనీ అప్పుడే కళ్లారా చూశాను. ఒక దవడ పళ్లు చిట్లి ఉన్నాయి. ఆ పళ్ల మధ్య గట్టిపడిన నల్లటి ముద్ద ఉంది. వేలితో నలిపి చూశాను. ఇసుకలాగా గరగరలాడింది. వాసన చూశాను. ట్రాక్టరు గ్రీజు.

ఆ గ్రీజు పెట్టింది నేనే. అంతకుముందు దసరా సెలవుల్లో చక్కు కొంచెం బిరుసుగా తిరుగుతోందని నాయన అంటే, పెద్ద తెలివైనవాడిలాగా గుప్పెడు గ్రీజు కూరి, నాలుగుసార్లు తిప్పి, "అయిపోయింది నాయనా" అని బస్సెక్కినాను. ట్రాక్టరుకు గ్రీజు గన్నుతో కొడితే కొత్త గ్రీజు పాత మురికిని బయటికి నెడుతుంది. చక్కుకు ఆ దారి లేదు, నోరు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. గ్రీజు దుమ్మును పట్టుకుంది. గ్రీజులో కలిసిన ఇటుకపొడి సానపట్టే ముద్దలాగా తయారై పళ్లను అరగదీసింది. నేను ముట్టుకోకుండా ఉండివుంటే డీజిలు కడుగుతోనే అది బాగుపడేదేమో.

ఆ వారం ఊరికి పోయి కొత్త చక్కుతో వరుసగా రంధ్రాలు వేశాము. సాయంత్రానికి చివరి చెట్టు మొదట్లో మట్టి తడిసింది. గట్టుమీద కూర్చున్నప్పుడు చెప్పాను.

"నాయనా, దసరాకు గ్రీజు పెట్టి చెడగొట్టింది నేనే."

"నాకు తెలుసులేరా," అన్నాడు. "నాకు తెలిసినా నేనూ అదే పెట్టి ఉందును."

కొంచెంసేపాగి, "మరి ఏం పెట్టాలంట?" అని అడిగినాడు. మా నాయన నన్ను ఒక సంగతి అడిగి తెలుసుకోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. కుట్టుమిషను ఆయిలు, అదీ చుక్కే, తరువాత తుడిచేయాలి అని చెప్పాను. పని అయ్యాక ముక్కు కిందికి పెట్టి నాలుగుసార్లు తెరిచి మూయమన్నాను. స్లాబుకు రంధ్రం వేసేటప్పుడు కాగితపు టీ కప్పు అడుగును చిల్లి చేసి బిట్టుకు తొడిగితే పొడి అందులో పడుతుందన్నాను. నాయన తల ఊపినాడు. ఇప్పుడు మా ఇంట్లో డ్రిల్లు పక్కన మా అమ్మ కుట్టుమిషను ఆయిలు సీసా ఉంటుంది. దాని కోసం వాళ్లిద్దరికీ అప్పుడప్పుడు మాటామాటా వస్తున్నట్టు తెలిసింది.

కోసిన పాత చక్కు నా గది కిటికీలో ఉంది. లోపల ఎట్లుంటుందో చూడదలచినవాళ్లు ఎప్పుడైనా రావచ్చు. మీ ఇంట్లో బిగుసుకుపోయినది ఏదైనా ఉంటే దాన్ని కూడా వెంట తీసుకురండి. స్క్రూను మాత్రం నన్ను అడగకుండా తిప్పకండి.